ఏఐ చిప్పు ఎవరు గీస్తారు, ఎవరు అతుకుతారు?

(ఆదివాసీ యువజన శిబిరంలో ఒక చిప్ డిజైన్ ఇంజనీర్ చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన తీరును పెద్దగా మార్చలేదు.)



తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, 2025 ప్రపంచ ఆదివాసీ దినోత్సవానికి ఐక్యరాజ్యసమితి ఇచ్చిన అంశం గుర్తుందా? ఆదివాసీ ప్రజలు, కృత్రిమ మేధ. ఆగస్టు 9న మనం ర్యాలీలు తీశాం, థింసా ఆడాం, జెండా ఎగరేశాం. ఆ అంశం మీద మాట్లాడినవాళ్ళు మాత్రం తక్కువ. మాట్లాడినవాళ్ళు కూడా ఏఐ వల్ల ఉద్యోగాలు పోతాయా, పిల్లలు చదువు మానేస్తారా అన్న దగ్గరే ఆగిపోయారు. అవీ అడగాల్సిన ప్రశ్నలే. ఇవాళ నేను మాత్రం దాని అడుగున ఉన్న వస్తువు గురించి మాట్లాడతాను. చేతిలో పట్టుకోగలిగే వస్తువు. చిప్పు.

'క్లౌడ్' అని పేరు పెట్టారు కాబట్టి అదేదో మబ్బుల్లో ఉంటుందనుకుంటాం. ఉండేది నేల మీదే. ఎవరిదో ఒకరి భూమిలో, ఎవరిదో ఒకరి కరెంటుతో, ఎవరివో ఒకరి నీళ్ళతో నడుస్తుంది. భూమి, నీళ్ళు, కరెంటు అనే మూడు మాటలు వినపడితే మనవాళ్ళకి వెంటనే చెవులు నిక్కుతాయి కదా. నిక్కాలి కూడా.

నా గురించి ఒక్క ముక్క. మాది పాడేరు ఏజెన్సీ. చిప్ డిజైన్‌లో వెరిఫికేషన్ అనే పని చేస్తాను. అంటే ఇంకొకరు గీసిన చిప్పు బొమ్మలో తప్పులు వెతకడం. యాప్‌లో తప్పు దొరికితే రేపు అప్‌డేట్ ఇస్తారు. చిప్పు ఒకసారి అచ్చయ్యాక దిద్దడానికి ఉండదు. అందుకే చాలా ప్రాజెక్టుల్లో గీసేవాళ్ళ కంటే వెతికేవాళ్ళే ఎక్కువమంది ఉంటారు. ఇది ఎందుకు చెప్తున్నానో చివర్లో మీకే తెలుస్తుంది.

ముందు ఏఐ లోపల జరిగే పని ఏంటో చూద్దాం. భయపడకండి, అది గుణకారం, కూడిక. అంతే. మీరు అడిగిన మాటను అంకెలుగా మారుస్తారు. మోడల్ అంటే కోట్ల కొద్దీ అంకెల పెద్ద పట్టిక. మీ అంకెల్ని ఆ పట్టికతో గుణించి, కూడి, మళ్ళీ గుణించి, కూడి, చివరికి ఒక మాట బయటికి వస్తుంది. తర్వాతి మాటకి మళ్ళీ అంతా మొదటినుంచి. విడిగా చూస్తే మూడో తరగతి లెక్కే. కాకపోతే ఒక జవాబుకి లక్షల కోట్ల సార్లు చెయ్యాలి.

మామూలు కంప్యూటర్ ప్రాసెసర్ తెలివైనదే గానీ ఒక్కో పనీ వరసగా చేసుకుంటూ పోతుంది. వీడియో గేముల కోసం తయారైన జీపీయూ ఒకేసారి వేల చిన్న లెక్కలు చేస్తుంది. 2012లో టొరంటో యూనివర్సిటీలో అలెక్స్ క్రిజెవ్‌స్కీ, ఇల్యా సుట్స్‌కెవర్, వాళ్ళ గురువు జెఫ్రీ హింటన్ ఫోటోల్ని గుర్తుపట్టే ఒక మోడల్ చేశారు. దానికి వాడింది రెండు గేమింగ్ కార్డులు. ఇప్పటి ఏఐ హడావిడికి అక్కడే ఊపు వచ్చింది. ఆ కార్డులు చేసిన ఎన్విడియా ఇవాళ ప్రపంచంలోకెల్లా విలువైన కంపెనీల్లో ఒకటి. దాని హెచ్100 అనే చిప్పులో 8,000 కోట్ల ట్రాన్సిస్టర్లు ఉంటాయి. అది పూర్తిగా పనిచేసేటప్పుడు 700 వాట్ల దాకా లాగుతుంది. మన ఇంట్లో ఫ్యాను 75 వాట్లు అనుకుంటే తొమ్మిది ఫ్యాన్లు. దాని తర్వాత వచ్చిన బ్లాక్‌వెల్ చిప్పుల్ని 72 కలిపి ఒక్క బీరువాలో పెడితే ఆ బీరువాకి సుమారు 120 కిలోవాట్లు కావాలి. గాలితో చల్లారదు, గొట్టాల్లో ద్రవం పారించాలి.

గూగుల్ కథ ఇంకా ఆసక్తిగా ఉంటుంది. 2013లో వాళ్ళు ఒక లెక్క వేసుకున్నారు. జనం ఫోన్‌లో టైపు కొట్టడం మానేసి రోజుకి మూడంటే మూడు నిమిషాలు నోటితో వెతికితే, ఆ మాటల్ని అర్థం చేసుకోవడానికి కంప్యూటింగ్ శక్తి రెట్టింపు కావాలి. అప్పటికున్న డేటా సెంటర్లంత మళ్ళీ కట్టాలన్నమాట. అది కుదిరే పని కాదని సొంతంగా చిప్పు చేసుకున్నారు. పేరు టీపీయూ. 15 నెలల్లో గీయడం, అచ్చు వేయించడం, పెట్టడం అయిపోయింది. 2015 నుంచి లోపల వాడుకుంటూ 2016లో బయటికి చెప్పారు. అందులో 256 వరసలు, వరసకి 256 గుణకార యంత్రాలు. మొత్తం 65,536. అది ఎలా పనిచేస్తుందంటే, ఊళ్ళో చెక్‌డ్యాం కట్టేటప్పుడు మనం వరసగా నిలబడి రాళ్ళు చేతులు మార్చుకుంటాం చూడండి, అలా. ప్రతి ఒక్కరూ కిందికి దిగి రాయి తెచ్చుకోవక్కర్లేదు. పక్కవాడి నుంచి అందుకుని, తన పని చేసి, ఇంకో పక్కకి ఇస్తాడు. ఆ రోజుల్లో ఉన్న ప్రాసెసర్లు, జీపీయూలతో పోలిస్తే ఒక వాట్ కరెంటుకి 30 నుంచి 80 రెట్లు ఎక్కువ పని చేసిందని 2017లో పేపర్ రాశారు.

ఆ వరస ఎందుకంత లాభం ఇచ్చిందో అర్థమైతే కొత్త ఏఐ హార్డ్‌వేర్ మొత్తం అర్థమైనట్టే. కాబట్టి ఇక్కడ కాసేపు ఆగుదాం.

చోళ్ళు ఉన్న గాదె కొండమీద ఉంది, తిరగలి ఇంట్లో ఉంది అనుకోండి. పిండి విసరడానికి పది నిమిషాలు. కొండెక్కి ఒక గుప్పెడు చోళ్ళు తెచ్చుకోవడానికి అరపూట. విసిరాక మళ్ళీ కొండెక్కాలి, ఇంకో గుప్పెడు. సాయంత్రానికి కాళ్ళు లాగేది విసిరినందుకా, నడిచినందుకా? కంప్యూటర్‌లో మెమరీ గాదె, ప్రాసెసర్ తిరగలి. రెండూ వేరు వేరు చోట్ల ఉంటాయి. 2014లో స్టాన్‌ఫోర్డ్ ప్రొఫెసర్ మార్క్ హొరోవిట్జ్ ఒక సదస్సులో లెక్క చూపించాడు. ఒక కూడిక చెయ్యడానికి అయ్యే శక్తి కంటే, ఆ అంకెను చిప్పు బయట ఉన్న మెమరీ నుంచి తేవడానికి అయ్యే శక్తి కొన్ని వందల రెట్లు ఎక్కువ. డేటా సెంటర్‌లో చిప్పు తాగే కరెంటులో చాలా భాగం ఆలోచనకి పోవడం లేదు, మోతకి పోతోంది.

అందుకని ప్రపంచంలో చిప్పులు గీసేవాళ్ళందరూ ఇప్పుడు ఈ నడక తగ్గించే పనిలోనే ఉన్నారు. ఒకళ్ళు గాదెను ఇంటి పక్కకి తెచ్చారు. మెమరీ పలకల్ని అంతస్తుల్లా ఒకదానిమీద ఒకటి పేర్చి చిప్పుకి ఆనించి పెట్టడం. దాన్ని హెచ్‌బీఎం అంటారు. కొరియావాళ్ళు, అంటే ఎస్‌కే హైనిక్స్, శాంసంగ్, అందులో ముందున్నారు. సెరిబ్రాస్ అనే కంపెనీ ఇంకో తిక్క పని చేసింది. మామూలుగా ఒక గుండ్రటి సిలికాన్ పళ్ళెం మీద పదుల కొద్దీ చిప్పులు అచ్చు వేసి కోస్తారు. వాళ్ళు ఆ పళ్ళేన్ని కొయ్యకుండా మొత్తం ఒకే చిప్పుగా ఉంచేశారు. 2024లో వచ్చిన దానిలో 4 లక్షల కోట్ల ట్రాన్సిస్టర్లు. ఐబీఎంవాళ్ళు 2023లో నార్త్‌పోల్ అనే చిప్పు చూపించారు. దానికి బయట గాదె అక్కర్లేదు, ప్రతి తిరగలి పక్కనే దాని చోళ్ళ బుట్ట ఉంటుంది. ఫోటోలు గుర్తుపట్టే పనిలో, అదే తరం టెక్నాలజీతో చేసిన జీపీయూ కంటే అదే కరెంటుకి 25 రెట్లు ఎక్కువ పని చేసింది.

ఇంకా ముందుకెళ్ళినవాళ్ళు గాదెలోనే విసరొచ్చు కదా అంటున్నారు. అంకెను దాచుకున్న పదార్థమే గుణకారం చేసేస్తుంది. ఎలా అంటారా? ఓమ్ సూత్రం ఇంటర్‌లో చదివారు కదా. వోల్టేజీని వాహకత్వంతో గుణిస్తే కరెంటు. ఒక అంకె వోల్టేజీ, ఇంకో అంకె ఆ పదార్థం వాహకత్వం. బయటికి వచ్చే కరెంటే జవాబు! మన బెంగళూరు ఐఐఎస్‌సీలో శ్రీతోష్ గోస్వామి బృందం 2024లో ఒక పలచటి అణువుల పొరలో ఇలాంటి 16,500 మెట్లను విడివిడిగా నిలబెట్టి చూపించింది. అది నేచర్ పత్రికలో వచ్చింది. సున్నా, ఒకటి అని రెండే మెట్లున్న మామూలు మెమరీతో పోల్చుకోండి. ఇది ల్యాబ్‌లో ఉన్న సంగతి, బజారుకి రావడానికి టైం పడుతుంది. మెదడును చూసి చేసే చిప్పులు మరో దారి. మన తలకాయ సుమారు 20 వాట్లతో నడుస్తుంది. ఆ లెక్క చూస్తే ఇంజనీర్లకి నిద్ర పట్టదు.

ఇంతవరకూ వింటే ఇది మంచి కథే. కరెంటు తగ్గుతుంది, బొగ్గు తగ్గుతుంది, కొండలు మిగులుతాయి అనిపిస్తుంది. నేనూ ఈ పనిలో ఉన్నదాన్ని కాబట్టి అలా నమ్మాలని నాకూ ఉంటుంది. కానీ లెక్కలు అలా చెప్పడం లేదు. ఒక్కో చిప్పు ఒక్కో లెక్కకి వాడే కరెంటు పడిపోతూనే ఉంది, మొత్తం కరెంటు మాత్రం పెరుగుతూనే ఉంది. అంతర్జాతీయ ఇంధన సంస్థ అంచనా ప్రకారం 2024లో ప్రపంచ డేటా సెంటర్లు 415 టెరావాట్ అవర్లు వాడాయి. 2030కి అది 945 దాకా పోతుంది. పని చవకైతే ఇంకా ఎక్కువ పని పెట్టుకుంటారు. 1865లోనే ఇంగ్లండులో జెవాన్స్ అనే ఆయన బొగ్గు గురించి ఇదే రాశాడు. ఆవిరి యంత్రం బాగుపడేకొద్దీ బొగ్గు వాడకం పెరిగింది.

ఇప్పుడు మన దగ్గరికి రండి. 2025 అక్టోబర్‌లో విశాఖపట్నంలో ఏఐ కేంద్రం పెడతామని గూగుల్ ప్రకటించింది. ఐదేళ్ళలో 1,500 కోట్ల డాలర్లు. గిగావాట్ స్థాయి. అదానీకానెక్స్, ఎయిర్‌టెల్ భాగస్వాములు. పేపర్లలో డాలర్లు పెద్ద అక్షరాల్లో వేశారు. మీరు గిగావాట్ అన్న మాట పట్టుకోండి. ఒక గిగావాట్ అంటే 1,000 మెగావాట్లు. ముంచంగిపుట్టు దాటితే వచ్చే మాచ్‌ఖండ్ జల విద్యుత్ కేంద్రం మనందరికీ తెలుసు. 1955 నుంచి తిరుగుతోంది, దాని సామర్థ్యం 120 మెగావాట్లు. అంటే ఎనిమిది మాచ్‌ఖండ్‌ల పైమాట. ఇంకోలా లెక్క కడదాం, ఫోన్‌లో కాలిక్యులేటర్ తియ్యండి. ఒక గిగావాట్ రోజంతా నిండుగా నడిస్తే 2.4 కోట్ల యూనిట్లు. నెలకి 72 కోట్లు. నెలకి 100 యూనిట్లు కాల్చే ఇల్లయితే 72 లక్షల ఇళ్ళు.

మాచ్‌ఖండ్ కోసం వేల మంది ఊళ్ళు వదిలారు, వాళ్ళలో మనవాళ్ళెందరో మన పెద్దవాళ్ళని అడిగితే చెప్తారు. ఆ తీగలు మన నెత్తిమీదుగానే విశాఖకి పోయాయి, మన ఊళ్ళకి లైటు మాత్రం ఎన్నో ఏళ్ళ తర్వాత వచ్చింది. కొన్ని గుంపులకి ఇప్పటికీ వర్షాకాలంలో వారాల తరబడి ఉండదు. అనంతగిరి మండలం పెదకోటలాంటి చోట్ల పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టుల మాట మీరు వింటూనే ఉన్నారు. కింది నీళ్ళు పైకి తోడి, కావాల్సినప్పుడు వదిలి కరెంటు తీసే పథకాలు. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్తాను. ఆ ప్రాజెక్టు కరెంటు ఈ డేటా సెంటర్‌కే పోతుందని నేను అనడం లేదు, మీరూ అనకండి. గ్రిడ్‌లో పడ్డాక ఏ కరెంటు ఎవరిదో గుర్తుపట్టలేం. కానీ ఒక చోట గిరాకీ ఇంత పెరిగితే ఇంకో చోట కొండల మీద ఒత్తిడి పెరుగుతుందన్నది లెక్క. గ్రామసభకి అధికారులు వచ్చినప్పుడు మనం అడగాల్సింది ఆ లెక్కే. ఎన్ని మెగావాట్లు, ఎవరి గిరాకీ కోసం, ఎన్నేళ్ళు, మా ఊరికి ఎంత? నోటితో కాదు, కాయితం మీద.

బాక్సైట్ గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఇది కొత్త వేషంలో రావచ్చు. గాలియం అనే లోహం ఉంది. దానికి వేరే గని ఉండదు. బాక్సైట్ నుంచి అల్యూమినా తీసేటప్పుడు ఆ ద్రావణంలోంచి కొంచెంగా వస్తుంది. ఏఐ చిప్పు లెక్కలు చేసేది సిలికాన్ మీదే, కానీ దానికి కరెంటు అందించే పరికరాల్లో, ఫాస్ట్ ఛార్జర్లలో, రాడార్లలో గాలియం కలిసిన చిప్పులు వాడకంలోకి వస్తున్నాయి. 2023లో చైనా గాలియం ఎగుమతుల మీద ఆంక్షలు పెట్టినప్పటి నుంచి అన్ని దేశాలూ దానికోసం వెతుకుతున్నాయి. జీవో 97 మీద మన పోరాటం మీకు తెలుసు. రేపు 'దేశానికి కీలక ఖనిజం' అనే పేరుతో అదే కొండ మీదకి ఎవరైనా వస్తే, గాలియం ఎంత వస్తుంది, మట్టి ఎంత తవ్వాలి అని అడగగలిగేవాళ్ళు మనలో ఉండాలి.

ఇక కరెంటు సంగతి ఇది మన ఒక్కళ్ళ కథే కాదు. అమెరికాలో నవాహో ఆదివాసుల నేల మీద బొగ్గు కాల్చి తీసిన కరెంటు దశాబ్దాలపాటు ఎడారి నగరాలకి పోయింది. నవాహోల వేల ఇళ్ళకి కరెంటు లేదు. అక్కడ జరిగిన ఇంకో సంగతి మీకు చెప్పాలనే నేను ఇంత దూరం వచ్చాను. చిప్పుల చరిత్ర రాసే పుస్తకాల్లో దీనికి ఒక పేరా దొరకడమే కష్టం.

న్యూమెక్సికో రాష్ట్రంలో షిప్‌రాక్ అనే ఊరు. నవాహో నేషన్ లోపల ఉంటుంది. అక్కడ యురేనియం మిల్లు కూడా నడిచింది, దాని వ్యర్థాల గుట్ట మిగిలింది. 1965లో ఫెయిర్‌చైల్డ్ సెమీకండక్టర్ అక్కడ పని మొదలుపెట్టింది. ఫెయిర్‌చైల్డ్ అంటే చిన్న కంపెనీ కాదు. ఇప్పుడు సిలికాన్ వ్యాలీ అంటున్నదానికి పుట్టిల్లు. ఇంటెల్ పెట్టినవాళ్ళు అక్కడినుంచి వచ్చినవాళ్ళే. 1969లో షిప్‌రాక్‌లో కొత్త ఫ్యాక్టరీ ప్రారంభించారు. వెయ్యి మందికి పైగా నవాహోలు అందులో పనిచేసిన రోజులున్నాయి. ఎక్కువమంది ఆడవాళ్ళు. మైక్రోస్కోపు కింద వెంట్రుక కంటే సన్నటి తీగల్ని చిప్పుకి అతకడం వాళ్ళ పని.

ప్రారంభం రోజున కంపెనీ ఒక అందమైన పుస్తకం అచ్చు వేసింది. అందులో నవాహో కంబళి నేత బొమ్మ ఉంది. నవాహో స్త్రీలకి ఈ పని పుట్టుకతోనే వచ్చు, వేళ్ళలోనే ఉంది, ఓపిక వాళ్ళ రక్తంలో ఉంది అన్నట్టు రాశారు. లీసా నకమురా అనే పరిశోధకురాలు 2014లో దీనిమీద ఒక వ్యాసం రాసింది, దొరికితే చదవండి. ఆమె అడిగేది ఇదే. ఆ నేతలో గణితం ఉంది. ఏ దారం ఎక్కడ మలుపు తిరగాలో కాగితం మీద గీయకుండా తలలో పెట్టుకుని నేసే ఆడమనిషి డిజైనర్. కంపెనీ పుస్తకం ఆమె వేళ్ళను పొగిడింది, తలను వదిలేసింది. పుట్టుకతో వచ్చిన నైపుణ్యం అన్నాక శిక్షణకి విలువ కట్టక్కర్లేదు, జీతం పెంచక్కర్లేదు, ఇంజనీరు కుర్చీలో కూర్చోబెట్టక్కర్లేదు. మనల్ని కూడా ఇలా పొగిడినవాళ్ళు చాలామంది ఉన్నారు. అడవి బిడ్డలు, కష్టజీవులు, అమాయకులు. ఆ పొగడ్త వినగానే జీతం ఎంతో అడగండి.

తర్వాత ఏమైందంటే, 1975 మొదట్లో కంపెనీ వంద మందికి పైగా కార్మికుల్ని తీసేసింది. ఫిబ్రవరి ఆఖర్లో అమెరికన్ ఇండియన్ మూవ్‌మెంట్ కార్యకర్తలు ఆయుధాలతో ఫ్యాక్టరీని ఆక్రమించారు. వారం రోజుల పైన నడిచింది. వాళ్ళు బయటికి వచ్చాక కంపెనీ ఇక తెరవనని చెప్పి వెళ్ళిపోయింది. ఆక్రమణ వల్లే పోయిందని కొందరు, అప్పటికే హాంకాంగ్, కొరియా, సింగపూర్‌లో చవక కూలీ దొరికింది కాబట్టి ఎలాగూ పోయేదని కొందరు. నా ఉద్దేశం రెండోదే. అతికే పని ఎప్పుడూ చవక వేళ్ళను వెతుక్కుంటూ పోతుంది. పదేళ్ళ పనిలో ఆ వెయ్యి మందికి డిజైన్ నేర్పి ఉంటే, కంపెనీ పోయినా విద్య ఊళ్ళో మిగిలేది.

1994లో ఇంటెల్ ఒక నవాహో నేతగత్తెను ఒక పని అడిగింది. మారిలూ షుల్ట్జ్ ఆమె పేరు. లెక్కల టీచర్ కూడా. పెంటియం చిప్పు ఫోటో చూసి దాన్ని కంబళిగా నెయ్యమన్నారు. నేసింది. ఫోటోలో చూడండి, చిప్పు లోపలి వీధులన్నీ ఉన్నితో ఉంటాయి. నేత చూసి చిప్పు అనుకుంటారో, చిప్పు చూసి నేత అనుకుంటారో తేలదు.

షిప్‌రాక్ గురించి ఇప్పుడెందుకంటే, ఆ రకం ఫ్యాక్టరీలు ఇప్పుడు మన చుట్టూ వస్తున్నాయి. 2025 ఆగస్టులో కేంద్ర క్యాబినెట్ నాలుగు సెమీకండక్టర్ ప్రాజెక్టులకి ఆమోదం ఇచ్చింది. రెండు ఒడిశాకి, ఒకటి పంజాబ్‌కి, ఒకటి ఆంధ్రప్రదేశ్‌కి. ఆంధ్రాకి వచ్చింది ప్యాకేజింగ్ ప్లాంటు. అంటే వేరే చోట అచ్చయిన చిప్పుని డబ్బాలో పెట్టి, కాళ్ళు అతికి, పరీక్షించే పని. అస్సాంలోని జాగీరోడ్‌లో టాటావాళ్ళు పెడుతున్నదీ ఆ కోవకి చెందినదే. ఆ ఉద్యోగాలు వద్దని నేను చెప్పను. ఐటీఐ, డిప్లొమా చదివిన మన పిల్లలు వెళ్ళాలి, వెళ్తే పీఎఫ్, హాస్టల్, షిఫ్టు గంటలు చూసుకోవాలి. ఏఐ హార్డ్‌వేర్‌లో ఇప్పుడు ప్యాకేజింగ్ చిన్న పని కూడా కాదు. ఇందాక చెప్పిన అంతస్తుల మెమరీని చిప్పుకి ఆనించేది ప్యాకేజింగే. అక్కడ కూడా గీసేవాళ్ళు, అతికేవాళ్ళు వేరు వేరుగా ఉంటారు. మనవాళ్ళు రెండో లైన్‌లోనే చేరి ఆగిపోతే, ఆ షిప్‌రాక్ పుస్తకాన్ని ఈసారి తెలుగులో అచ్చు వేస్తారు.

సరే, మరి మనకి పనికొచ్చే ఏఐ హార్డ్‌వేర్ ఏది? గిగావాట్ బిల్డింగ్ మనకోసం కాదు. మనకి కావాల్సింది చిన్నది.

ఒక లెక్క చూడండి. 7,000 కోట్ల అంకెలున్న మోడల్. ఒక్కో అంకెకి 16 బిట్లు, అంటే రెండు బైట్లు. మొత్తం 140 జీబీ. హెచ్100 మెమరీ 80 జీబీ. కాబట్టి ఆ మోడల్‌ను పెట్టుకోవడానికే రెండు చిప్పులు కావాలి. అదే 100 కోట్ల అంకెలున్న చిన్న మోడల్‌ను అంకెకి 4 బిట్లు చొప్పున కుదిస్తే అర జీబీ. ఇక్కడ కూర్చున్న వాళ్ళలో చాలామంది ఫోన్‌లో అంతకంటే ఎక్కువ రీల్స్ ఉంటాయి. మాటను రాతగా మార్చే విస్పర్ అనే మోడల్ ఉంది, ఓపెన్‌ఏఐ 2022లో ఉచితంగా ఇచ్చింది. దాని చిన్న రకంలో 24 కోట్ల అంకెలే ఉంటాయి. నాలుగు బిట్లకి కుదిస్తే 120 ఎంబీ పైచిలుకు. సిగ్నల్ లేని గుంపులో, ఫోన్ లోపలే నడిచే మోడల్స్ ఇలాంటివి. ఇప్పుడు వచ్చే ఫోన్ చిప్పుల్లో ఈ గుణకారాల కోసమే విడిగా ఒక భాగం పెడుతున్నారు. నాకైతే గిగావాట్ కంటే ఈ ముక్క మీదే ఆశ. మా అమ్మ ఆసుపత్రిలో కువిలో చెప్తే నర్సుకి తెలుగులో వినపడాలి. దానికి ఆమె గొంతు ఏ దేశంలోని సర్వర్‌కీ పోనక్కర్లేదు.

ఇది కలే అంటారా? న్యూజిలాండ్‌లో మావోరీల రేడియో స్టేషన్ ఒకటుంది, తె హికు మీడియా. 2018లో జనాన్ని పిలిచి, పది రోజుల్లో 300 గంటలకు పైగా మావోరీ మాటలు రికార్డు చేయించారు. దానితో మావోరీ మాటను రాతగా మార్చే మోడల్ కట్టుకున్నారు. పెద్ద కంపెనీలు డబ్బిస్తాం, రికార్డింగులు ఇవ్వండన్నా ఇవ్వలేదు. మా తాతల గొంతు మాకే అమ్ముతారా అన్నారు. వాడింది ఎన్విడియా చిప్పులే, ఆ చిప్పులు వాళ్ళు చెయ్యలేదు. కానీ డేటా, మోడల్ ఎవరి చేతిలో ఉండాలో వాళ్ళే తేల్చుకున్నారు.

మన దగ్గర 2025 సెప్టెంబర్‌లో కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ 'ఆదివాణి' తెచ్చింది. సంతాలీ, భిలీ, ముండారీ, గోండీతో మొదలుపెట్టారు. మంచి పని. ఆ మొదటి నాలుగులో కోయ లేదు, కువి లేదు, సవర లేదు. చేరుస్తామని వచ్చినప్పుడు మన ఊళ్ళలో ఎవరో వచ్చి ముసలివాళ్ళ దగ్గర మైకు పెడతారు. ఆ రికార్డింగు ఎక్కడ ఉంటుంది, ఏ యంత్రం మీద, ఎవరికి ఇస్తారు, మోడల్ తయారయ్యాక మాకు కాపీ ఇస్తారా అని అక్కడే అడగండి. కేంద్రం ఇండియాఏఐ మిషన్ కింద 38,000 పైగా జీపీయూలు సమకూర్చి తక్కువ అద్దెకి ఇస్తోంది. అందులో కొన్ని గంటలు మన భాషల కోసం మన విద్యార్థి సంఘాలు, మన టీచర్లు ఎందుకు అడగకూడదు?

ఇక గీసే పని. నేను మొదట్లో చెప్పిన నా పని.

డిగ్రీ అయ్యాక ఒక ఇంటర్వ్యూలో నన్ను మూడు ప్రశ్నలు అడిగారు. రెండు చిప్పుల మీద. మూడోది, నువ్వు ఏ కోటాలో చదివావు? మొదటి రెండూ చెప్పాను, మూడోదానికి కూడా సూటిగానే చెప్పాను. ఆ ఉద్యోగం రాలేదు, వేరేది వచ్చింది. ఆ కంపెనీ పేరు మీకు అక్కర్లేదు. ఆ మూడో ప్రశ్న మిమ్మల్నీ అడుగుతారు, అందుకే చెప్పాను.

దారి ఎలా ఉందంటే, ఒకప్పటి కంటే తలుపులు కొంచెం తెరిచే ఉన్నాయి. ప్రాసెసర్ అర్థం చేసుకునే ఆజ్ఞల జాబితా ఉంటుంది. ఇన్నాళ్ళూ దానికి కంపెనీలు లైసెన్సు ఫీజు వసూలు చేసేవి. 2010లో బర్క్‌లీ యూనివర్సిటీలో మొదలైన రిస్క్-ఫైవ్‌కి ఆ ఫీజు లేదు, ఎవరైనా వాడుకోవచ్చు. ఐఐటీ మద్రాసువాళ్ళ శక్తి ప్రాసెసర్ దాని మీదే కట్టారు, దాని కోడ్ నెట్‌లో ఉంది. చిప్పు బొమ్మను బొమ్మగా గియ్యరు, వెరిలాగ్ అనే భాషలో రాస్తారు. దాన్ని పరీక్షించే వెరిలేటర్, ఐకారస్ లాంటి సాఫ్ట్‌వేర్లు ఉచితం. సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ చాలు. కేంద్రం 'చిప్స్ టు స్టార్టప్' కింద 85,000 మందికి శిక్షణ ఇస్తామంది. కాలేజీలకి డిజైన్ సాఫ్ట్‌వేర్లు ఇస్తున్నారు, విద్యార్థులు గీసిన కొన్ని చిప్పులు మొహాలీలోని సెమీకండక్టర్ ల్యాబొరేటరీలో అచ్చయ్యాయి కూడా. మన ఏజెన్సీ కాలేజీలు, పాలిటెక్నిక్‌లు ఆ జాబితాలో ఉన్నాయా అని మీ ప్రిన్సిపాల్‌ని అడగండి. లేకపోతే ఐటీడీఏ పీఓ గారికి వినతిపత్రం రాయండి. రోడ్డు కోసం, బోరు కోసం రాయడం మనకి బాగా వచ్చు. దీనికోసం కూడా రాయొచ్చు.

ఎక్కడ మొదలుపెట్టాలని అడుగుతారు. ఒక కూడిక యంత్రం రాయండి. రెండు అంకెలు కూడేది. తర్వాత గుణకారం. తర్వాత ఆ రెండూ కలిపి ఒకటి. అలాంటివి 65,536 పక్కపక్కనే పెట్టినదే గూగుల్ మొదటి టీపీయూ గుండెకాయ. మీరు నాలుగు పెట్టండి. నాలుగుతో నడిస్తే పదహారు పెట్టండి. అమ్మాయిలకి ప్రత్యేకంగా చెప్తున్నా, వెరిఫికేషన్‌లో ఓపికతో పాటు అనుమానం కావాలి. ఎవరు ఏం చెప్పినా నమ్మకుండా ఇది నిజమేనా అని పరీక్షించే గుణం. కాయితాల మీద వేలిముద్రలు వేయించుకుని భూములు పోగొట్టుకున్న ఊళ్ళనుంచి వచ్చినవాళ్ళం, ఆ గుణం మనకి ఎవరూ నేర్పక్కర్లేదు.

నా దగ్గర ఆ కూడిక యంత్రం కోడ్ తెలుగు వివరణతో ఉంది, పెన్‌డ్రైవ్‌లో తెచ్చాను. ల్యాప్‌టాప్‌లు మూడే ఉన్నాయి, నలుగురు నలుగురు కూర్చోండి. మధ్యాహ్నం భోజనాలయ్యాక నడిపి చూద్దాం. ఈలోగా ప్రశ్నలుంటే అడగండి. ముందు వెనక వరసలో కూర్చున్న చెల్లెళ్ళు.